దాది కణాలు

ఆ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మూడో ప్రయోగశాల తలుపు నూకరత్నాన్ని లోపలికి రానివ్వలేదు.

తలుపు పక్కన గోడలో వేలు పట్టేంత గూడు ఉంటుంది. అందులో వేలు పెడితే సూదిమొన తగిలి ఒక్క చుక్క రక్తం తీసుకుంటుంది. మనిషిని పోల్చుకుని తలుపు తెరుస్తుంది. ఏడాదిగా రోజూ తెరుచుకున్న తలుపే. నూకరత్నం వేలు తుడుచుకుని రెండోసారి పెట్టింది. మూడోసారికి గూటి పైనున్న చిన్న తెర మీద అక్షరాలు వచ్చాయి: 'పౌరసత్వం వేరు. ప్రవేశం లేదు.'

అద్దం అవతల పైడిరాజు ట్రే పట్టుకుని నిలబడ్డాడు. భీమిలి మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రయోగశాలలో సహాయకుడు.

"మళ్ళీ మళ్ళీ పెట్టకే పిల్లా, ఏలు పుండైపోద్ది," అన్నాడు స్పీకరులోంచి. "మేడమ్ గారికి కబురెట్టినాను. ఒస్తన్నారు."

"తొమ్మిదిన్నరకి నీరు మార్చాల గదా మావా. ఎవులు మారుస్తారు?"

"నాను మారుస్తాను. ఏది ముందో ఏది ఎనకో నువ్వక్కడ నిలబడి సెప్పు."

ఆమె అద్దానికి నుదురు ఆనించి ఒక్కొక్కటే చెప్పింది. అతను పదకొండు గిన్నెల్లోనూ పోషక ద్రవం మార్చాడు. ఆ గిన్నెల్లో ఉన్నవి ఆమె కణాలే.

తీరాంధ్ర జీవ సాంకేతిక విద్యాపీఠంలో ఆ వేసవిలో పదకొండు మంది ఉద్దానం కిడ్నీ రోగులకు మొగ్గలు నాటారు. రోగి చర్మం నుంచి తీసిన కణాలను చింతగింజంత కిడ్నీ మొగ్గగా పెంచి, పొట్ట మీది చర్మం కింద పెట్టడం ప్రొఫెసర్ సువర్చల పద్నాలుగేళ్ళ కృషి. నాటిన మొగ్గకు రక్తనాళాలు వచ్చి అల్లుకోవడానికి నలభై రోజులు పడుతుంది. అంతవరకు దాన్ని సాకడానికి మరో మనిషి రక్తం నుంచి తీసిన కణాలను నాలుగు రోజులకోసారి దాని చుట్టూ ఎక్కించాలి. వాటికి దాది కణాలని పేరు పెట్టారు. చిక్కేమిటంటే, ఎవరి కణాలైనా ఒంటి నుంచి బయటికి వచ్చాక పూట తిరిగేసరికి చచ్చిపోతున్నాయి. రెండు వందల పద్నాలుగు మందిని పరీక్షిస్తే ఒక్కరి కణాలు మాత్రం నాలుగు రోజులు బతికాయి. క్లాసులో అందరితో పాటు నవ్వుతూ చెయ్యి చాపిన బర్మా అమ్మాయివి.

నూకరత్నానిది మౌల్మేన్. ఆమె పూర్వీకులెవరో కళింగపట్నంలో ఓడెక్కి బియ్యం మిల్లు పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. పాస్‌పోర్టులో ఆమె పేరు ఖిన్ మ్యా. ఆమె మాట్లాడే తెలుగు పైడిరాజు తెలుగు కన్నా పాతది. కొన్ని మాటలు వింటే చచ్చిపోయిన తన నాయనమ్మ మాట్లాడినట్టు ఉంటుందని అతను అనేవాడు. విదేశీ విద్యార్థులకు పెట్టిన పునాది కోర్సు ఏడాది పూర్తిచేసి, జీవ ఇంజనీరింగ్ డిగ్రీ ప్రవేశ పరీక్షలో ఆమె మొదటి స్థానం తెచ్చుకుంది. సీట్ల జాబితా ఆ రోజే ప్రకటించాలి.

సువర్చల మెట్లెక్కి వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి, ప్రవేశాల కమిటీకి అధ్యక్షురాలు కూడా. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"నా పేరు తీసీసినారా మేడమ్?" అని అడిగింది నూకరత్నం.

"ఏడుగురివీ తీసేశారు రత్నం. విదేశీయులందరివీ."

నూకరత్నం తల ఊపింది. తర్వాత అద్దంలోకి తిరిగి, "పదకొండో గిన్నె మూత సరిగ్గా పడలేదు మావా," అంది.

*

రిజిస్ట్రార్ చక్రధరరావు ఉత్తర్వును బల్ల మీద పరిచి ఉంచాడు. అవయవ నిర్మాణం దేశం దాటకూడని రక్షిత విద్య. దానికి సంబంధించిన డిగ్రీలో విదేశీయులను చేర్చుకోరాదు. ఇప్పటికే ఉన్నవారు ఏడు రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. ఆ విద్య గురించి వారితో మాట్లాడటం, వారికి బోధించడం నేరం.

"ఇది మూర్ఖత్వం అనుకుంటున్నారు మీరు," అన్నాడతను.

"అనుకుంటున్నాను."

"కిందటి నెల ఒక దేశంలో ఏం జరిగిందో నేనూ మీరూ ఒకే రోజు చదివాం. చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు విదేశీయులు మొగ్గ కణాలు దొంగిలించి తీసుకెళ్ళారు. ఎక్కడో షెడ్డులో పెంచి జనానికి పెట్టారు. అవి కిడ్నీలుగా కాక గడ్డలుగా పెరిగాయి. ముప్పై ఒక్క మంది పోయారు మేడమ్. ఆ పేర్ల జాబితా నేను మొత్తం చదివాను."

అతను చెడ్డవాడు కాదు. పద్నాలుగేళ్ళుగా ఆమె అడిగిన ప్రతి పరికరానికీ సంతకం పెట్టిన మనిషి.

"నా పదకొండు మంది నాలుగో రోజులో ఉన్నారు," అంది సువర్చల. "ఇంకా ముప్పై ఆరు రోజులు ఆమె కణాలు కావాలి. ఆమె వెళ్ళిపోతే వీళ్ళ జాబితా కూడా మీరు చదవాల్సి వస్తుంది."

చక్రధరరావు కాగితం తిప్పాడు. వెనక చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. వైద్య అవసరానికి విదేశీయులను జీవదాతగా ఉంచుకోవచ్చు. దాత కార్డు ఇస్తారు. ఆవరణలోకి రాకూడదు. అతిథి గృహంలో ఉండాలి. రక్తం అక్కడే తీయాలి. చదువు మాటలు ఉండకూడదు.

"అంటే ఆమె రక్తం లోపలికి రావచ్చు. ఆమె రాకూడదు," అంది సువర్చల.

"అలాగే ఉంది రాత. ఇంకో దారి కూడా ఉంది. మినహాయింపు కోరుతూ ఢిల్లీకి అర్జీ పంపండి. ఆమె లేకపోతే ఈ పని జరగదని రాయండి. తెలివైనది, కష్టపడుతుంది, ఇవన్నీ వద్దు. అక్కడ ఆ ఒక్క మాటే పనిచేస్తుంది."

సువర్చల ఆ సాయంత్రమే అర్జీ రాసింది. 'ఈ వ్యక్తి లేనిదే చికిత్స అసాధ్యం' అనే వాక్యాన్ని నాలుగు చోట్ల వేర్వేరుగా రాసింది.

*

పైడిరాజు భార్య అప్పలనర్సమ్మది కవిటి దగ్గర పల్లె. ఉద్దానం నీళ్ళు తాగి పెరిగింది. పదకొండు మందిలో ఆమె ఒకతె. సువర్చల మర్నాడు ఉదయం వార్డుకు వెళ్ళేసరికి అప్పలనర్సమ్మ మంచం పక్కనే నూకరత్నం కూర్చుని ఉంది. సందర్శకురాలిగా అక్కడికి మాత్రం రానిచ్చారు.

సువర్చల దాత కార్డు గురించి చెప్పింది. అర్జీ గురించీ చెప్పింది.

"దాని బదులు మీ ఊరెళ్ళిపోతానన్నా నేనేమీ అనను," అంది.

నూకరత్నం కాసేపు తన వేళ్ళ చివర్లు చూసుకుంది. "మా సూరీడమ్మక్క మంగళారం, శుక్రారం రెండేసి గంటలు బస్సులో ఎల్లి రక్తం కడిగించుకుంటాది మేడమ్. మొగ్గ దేశం దాటకూడదు, మా అక్క ఇక్కడికి రాకూడదు. నాను నేర్సుకునెల్తే అక్కడే పెంచొచ్చనుకున్నాను. దానికోసరమే ఒచ్చినాను."

"తెలుసు."

"అర్జీ ఒప్పుకుంటారా?"

"నువ్వు లేకపోతే కుదరదని రాశాను. అది నిజం. ఒప్పుకుంటారు."

అప్పలనర్సమ్మ మంచం మీంచి చెయ్యి చాపి నూకరత్నం మోకాలు తట్టింది. "నాకోసరం ఉండిపోమని నాను సెప్పను తల్లీ. నీ రగతం నీది. నువ్వేటనుకుంటే అదే సెయ్యి."

"నువ్వూరుకో అత్తా," అంది నూకరత్నం. కార్డు మీద సంతకం పెట్టింది. వృత్తి అనే గడిలో 'విద్యార్థి' అని రాయబోతే సువర్చల ఆపింది. అక్కడ 'దాత' అని ముందే అచ్చువేసి ఉంది.

*

అతిథి గృహం భీమిలి రోడ్డు మీద, విద్యాపీఠానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. గోడ మీద ఒక పెట్టె, గదిలోని ప్రతి మాటా దానిలో నమోదవుతుంది. మంగళవారం, శనివారం నర్సు వచ్చి రక్తం తీసేది. పైడిరాజు చల్లని పెట్టెలో పెట్టుకుని స్కూటరు మీద తీసుకెళ్ళేవాడు.

గంటలు గడవక నూకరత్నం పునాది కోర్సు పుస్తకాలు మళ్ళీ చదవబోయింది. మూడో రోజున ఒక గుమాస్తా వచ్చి వాటిని పట్టుకెళ్ళాడు. ఇక మిగిలింది పైడిరాజు. అతనితో కణాల గురించి మాట్లాడకూడదు. కాబట్టి పిల్లల గురించి మాట్లాడేది.

"మంగళారం పిల్లలు ఎలాగున్నారు మావా?"

"బాగున్నారే. ఆరో దినం నిన్న. సాయంత్రానికి పడుకున్నారు."

ఆమె తలెత్తింది. పడుకున్నారంటే చచ్చిపోయాయని, కానీ ఆరు రోజులు బతికాక. నాలుగు రోజులు దాటిన కణాలను పారేయాలని నియమం. ఆమె మాట మీద పైడిరాజు ఒక్కో చుక్క పక్క గిన్నెలో దాచి, పొద్దున్నే మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి వస్తున్నాడు. పిల్ల ఊసుపోక అడుగుతోందని అతని ఉద్దేశం.

"మరి శనారం పిల్లలు?"

"ఆళ్ళు నాలుగో దినానికే అయిపోనారు."

ఒకే మనిషి రక్తం. ఒకే గిన్నె, ఒకే నీరు. ఆమె ఆ పూటంతా ఆలోచించింది. మరుసటి సారి అతను రాగానే అడిగింది.

"శనారం ఎలాగెల్లినావు మావా?"

"నా బండి సెడిపోతే ఆఫీసు వ్యానులో ఎల్లినాను. మెత్తటి సీటు, పెద్ద రోడ్డు. మంగళారం బండి మీద ఎల్లినాను గానీ, పైపులకని తవ్వి పారీసినారు గదా, నడుం ఇరిగిపోనాది."

నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఒంట్లో ఉన్నంతసేపు కణాలు నిమిషానికి డెబ్భై రెండుసార్లు గుండె దెబ్బ తింటూనే ఉంటాయి. బయటికి తీసి కదలని గిన్నెలో పెడితే, ఆ దెబ్బ ఆగిపోతే, బతకడానికి ఇక పనిలేదనుకుంటాయేమో. ప్రయోగశాలలో వాటిని తిప్పే యంత్రం ఉంది గానీ అది మెత్తగా, గుండ్రంగా తిప్పుతుంది. దెబ్బ వెయ్యదు.

"ఈసారి గుంతల దారినే ఎల్లు మావా. ఒకసారి కాదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి ఎల్లు."

"ఎందుకే?"

"పిల్లలకి ఊపు కావాల."

ఆరు రోజుల తర్వాత, మొగ్గలు నాటిన ఇరవై రెండో రోజున, పైడిరాజు గుమ్మంలోనే నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "ఉన్నారే. ఉండడం కాదు, ఒకరికి ఒకరున్నర అయినారు. నాను రెండుసార్లు లెక్కెట్టినాను. ఏటిది?"

నూకరత్నం మంచం మీద కూర్చుంది. ఏమిటో ఆమెకు తెలుసు. కణాలు బయట బతకడమే కాదు, పెరుగుతాయి. ఒక్కసారి రక్తం తీస్తే ఏళ్ళ తరబడి సరిపోతుంది. అంటే ఆమె అవసరం ఉండదు. 'ఈ వ్యక్తి లేనిదే చికిత్స అసాధ్యం' అనే మాట అబద్ధమైపోతుంది.

"మేడమ్ గారికి ఇప్పుడే సెప్పకు మావా," అంది. "నానే సెప్తాను."

ఆ ఆదివారం సువర్చల వచ్చింది. ఢిల్లీ నుంచి ఫోను వచ్చిందని, అర్జీ చివరి బల్ల మీదికి చేరిందని, పదిహేను రోజుల్లో తేలుతుందని చెప్పింది. "సీటు వస్తుంది రత్నం," అంది. ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది. నూకరత్నం చెప్పడానికి నోరు తెరిచి, "టీ తాగుతారా మేడమ్?" అని అడిగింది.

*

ఇరవై ఏడో రోజున నూకరత్నానికి జ్వరం వచ్చింది. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. ఇంకో చుక్క కూడా తీయడానికి వీల్లేదని డాక్టరు రాసి వెళ్ళాడు. ఉన్న కణాలను పదకొండు మందికీ సగం సగం సర్దారు. నర్సు రాలేదు, పైడిరాజు రావడానికి పనిలేదు. నాలుగు రోజులు ఆమె గదిలో ఒంటరిగా పడుకుంది. ముసుగు తన్నుకుని రోజులు లెక్కపెట్టింది. పదిహేనులో ఇన్ని పోతే ఇంకెన్ని అని.

ముప్పై ఒకటో రోజు మధ్యాహ్నం సువర్చల వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నర్సమ్మత్తకి ఎలాగుంది?" అని అడిగింది నూకరత్నం.

"మొగ్గ దగ్గర వాచింది. జ్వరం నూటమూడు. మొగ్గ ఆకలికి చచ్చిపోతే తీసెయ్యాలి. తీసే లోపల విషం పాకితే చెప్పలేం." ఆమె కళ్ళద్దాలు తీసి తుడిచింది. "సోంపేట దానయ్య నిన్న పొద్దున పోయాడు."

చేపల వేటకు వెళ్ళే మనిషి. వార్డులో అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. బర్మాలో రొయ్యలు ఎంత పొడవుంటాయని నూకరత్నాన్ని అడిగేవాడు.

"నిన్ను అడగడానికి రాలేదు," అంది సువర్చల. "నీ ఒంట్లో ఇంక తియ్యడానికి లేదు. చెప్పడానికే వచ్చాను."

నూకరత్నం గోడ మీద పెట్టె వైపు చూసింది. తర్వాత సువర్చల వైపు తిరిగింది.

"నాకు తొమ్మిది దినాల కాడినుంచి తెలుసు మేడమ్," అంది.

మొత్తం చెప్పింది. స్కూటరు, వ్యాను, గుంతల దారి, ఒకటికి ఒకటిన్నర కావడం. పిల్లలని కాదు, కణాలనే చెప్పింది. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది.

సువర్చల లేచి కిటికీ దాకా వెళ్ళింది. తొమ్మిది రోజులు. దానయ్యకు సగం మోతాదు ఎక్కించింది తన చేతులే. ఆమెకు కోపం వచ్చింది. అది ఎవరి మీదో తేల్చుకోవడానికి ఆమెకు కొంత సేపు పట్టింది.

"నువ్వు లేకపోతే కుదరదని నాలుగు చోట్ల రాసింది నేనే," అంది వెనక్కి తిరగకుండా. "ఆ మాట మీద నిన్ను నిలబెట్టింది నేనే. ఇద్దరం మొయ్యాలి ఇది."

తర్వాత వచ్చి పెట్టె ఎదురుగా నిలబడి, క్లాసులో చెప్పినట్టు స్పష్టంగా అంది: "విదేశీయులకు బోధించకూడదని ఉత్తర్వులో ఉంది. విదేశీయుల దగ్గర నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. నేను నేర్చుకుంటున్నాను." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చెప్పు రత్నం. ఎక్కడ మొదలుపెట్టాలి?"

*

ప్రయోగశాలలో మిగిలింది ఒక్క గిన్నె. చివరిసారి తీసినవి, ఐదు రోజుల కిందటివి. నియమం ప్రకారం పారేయాల్సినవి. పైడిరాజు వాటినీ దాచాడు.

"నాకూ తెలిసినట్టే గదమ్మా," అన్నాడు సువర్చలతో. "లెక్కెట్టింది నానే. ఇంట్లో దాన్ని పెట్టుకుని నోరు మూసుకున్నాను."

"అవన్నీ తర్వాత. దెబ్బ కావాలట. నిమిషానికి డెబ్భై రెండు. తిప్పడం కాదు, కొట్టాలి. అలాంటి యంత్రం ఉందా మన దగ్గర?"

అతను కాస్త ఆలోచించి వెళ్ళాడు. గంటకు అప్పలనర్సమ్మ కుట్టు మిషను మోటారుతో సహా తెచ్చాడు. సూది తీసేసి, సూది బద్దకు చెక్క ముక్క బిగించాడు. చెక్క ట్రే అడుగున తగిలేలా అమర్చాడు. సువర్చల ఫోను స్పీకరులో పెట్టింది. అవతల అతిథి గృహం మంచం మీద నూకరత్నం కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నది.

"జోరెక్కువ. అది పరిగెత్తినోడి గుండె మావా. తగ్గించు."

టక్, టక్, టక్.

"ఇంకా. నిద్రపోయినోడి గుండె కావాల."

"ఇప్పుడు?"

ఆమె తన మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకుంది. "ఆఁ. ఇదే. ఇది ఆపకండి."

మూడు రోజులు ఆపలేదు. మోటారు వేడెక్కకుండా పైడిరాజు తడిగుడ్డ చుడుతూ కూర్చున్నాడు. మొదటి రోజు సగం కణాలు చచ్చాయి. సువర్చల ఆ సంగతి ఫోనులో చెప్పింది. "ఐదు దినాలు నిశ్శబ్దంలో ఉన్నాయి గదా," అంది నూకరత్నం. "సచ్చినియ్యి సావనీండి. మిగిలినియ్యి సూడండి." రెండో రోజు మిగిలినవి అలాగే నిలబడ్డాయి. మూడో రోజు పొద్దున పైడిరాజు లెక్కపెట్టి, నమ్మకం కుదరక సువర్చలను పిలిచి లెక్కపెట్టించాడు. మూడింతలయ్యాయి.

ముప్పై నాలుగో రోజున పది మందికి ఎక్కించారు. అప్పలనర్సమ్మకు చివర. ఆమెకు స్పృహ సరిగా లేదు. పైడిరాజు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం, మర్నాడు, ఆ మర్నాడు జ్వరం దిగలేదు. మూడో రోజు సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఆమె కళ్ళు తెరిచి, మిషను ఎక్కడికి పట్టుకెళ్ళావని భర్తను అడిగింది. వార్డు డాక్టరు స్కానరు పొట్ట మీద ఆనించి, మొగ్గలోకి వెళ్తున్న సన్నటి ఎర్రటి గీతను సువర్చలకు చూపించాడు. రక్తనాళం.

*

ఢిల్లీ జవాబు రెండు రోజుల తర్వాత వచ్చింది. ఒక్క వాక్యం. దాత అవసరం తీరినట్లు ప్రయోగశాల నమోదుల ద్వారా తెలిసినందున మినహాయింపు నిరాకరించడమైనది. డెబ్భై రెండు గంటల్లో వెళ్ళిపోవాలి.

చక్రధరరావు గదిలో సువర్చల ఒక దరఖాస్తు అతని ముందు పెట్టింది. దాది కణాలను పెంచే పద్ధతిని రక్షిత విద్యగా నమోదు చేయడానికి విద్యాపీఠం పంపాల్సిన కాగితం. అతను చదువుతూ ఒకచోట ఆగాడు.

"ఆవిష్కర్త: నూకరత్నం, మౌల్మేన్. ఈ పేరు ఉండకూడదు మేడమ్. విదేశీయులు కనిపెట్టినదాన్ని రక్షిత విద్యగా నమోదు చేయడానికి చట్టం ఒప్పుకోదు."

"తెలుసు."

"నమోదు కాకపోతే రహస్యం కాదు. ఎవరైనా వాడుకోవచ్చు. ఏ దేశంలోనైనా."

"అదీ తెలుసు. ఆమె పేరు తీసి నా పేరు పెట్టమంటే పెడతాను. కింద, ఇది నిజమని మీరు సంతకం పెట్టాలి."

అతను కాగితం పక్కన పెట్టి గోడ వైపు చూశాడు. "ఆ ముప్పై ఒక్క మంది సంగతి మర్చిపోయారా?"

"లేదు. వాళ్ళు ఎందుకు పోయారండీ? దొంగిలించినవాళ్ళకు సగమే తెలుసు. నేర్చుకోనిచ్చి ఉంటే ఆ సగం దగ్గర ఆగేవాళ్ళు కాదు. ఇది నేను నిరూపించలేను. నమ్ముతున్నాను."

"నేను నమ్మను," అన్నాడతను. చాలాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, తీశాడు. "నా సంతకం కింద అబద్ధం మాత్రం ఉండదు." నూకరత్నం పేరు ఉన్న కాగితం మీదే సంతకం పెట్టాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దాని మీద కూడా పెట్టి ఆమె వైపు తోశాడు. నిషిద్ధ సంభాషణ జరిపినందుకు అవయవ నిర్మాణ శాఖ నుంచి సువర్చలను తప్పిస్తూ ఉత్తర్వు. మొదటి సంవత్సరం వాళ్ళకు జీవశాస్త్రం చెప్పుకోవచ్చు.

"రెండూ నిజాలే," అన్నాడు.

ఆమె రెండూ తీసుకుంది.

*

విశాఖ విమానాశ్రయంలో నూకరత్నం సంచి మొత్తం విప్పి చూశారు. చీటీలు, చివరికి ఆసుపత్రి మందుల కాగితం కూడా తీసుకున్నారు. అప్పలనర్సమ్మ ఇంకా వార్డులోనే ఉంది. పైడిరాజు ఒక్కడే వచ్చి, ఎండు రొయ్యల పొట్లం ఇవ్వబోతే అదీ వెనక్కి ఇచ్చేశారు.

"దానయ్య పెళ్ళానికి నాను ఉత్తరం రాసినాను మావా," అంది ఆమె. "నాకు తెలిసీ సెప్పలేదని రాసినాను. సదివి ఇనిపించు."

"ఇప్పుడెందుకే అది?"

"ఇనిపించు మావా."

అతను తల ఊపాడు. ఆమె లోపలికి వెళ్ళింది. ఆమె ఒంట్లో ఉన్న రక్తాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

దాది కణాల పద్ధతి అందరిదీ అయింది. మొగ్గను పెంచే పద్ధతి మాత్రం రహస్యంగానే ఉంది. దానిలో నూకరత్నానికి తెలిసింది పునాది కోర్సు చెప్పినంతే. మౌల్మేన్‌లో ఒక చిన్న ఆసుపత్రి వెనక గది అడిగి తీసుకుంది. మొదటి ఆరు మొగ్గలు గిన్నెలోనే చచ్చాయి. వాటిని మనుషులకు పెట్టలేదు. ఏడోది సిద్ధమవుతుండగా సూరీడమ్మ చనిపోయింది. ఆ సంగతి పైడిరాజుకు రెండు నెలల తర్వాత తెలిసింది, అతని ద్వారా సువర్చలకు.

పద్నాలుగు నెలలకు, ఒక ఉదయం, మొదటి సంవత్సరం క్లాసు అయిపోయి పిల్లలు వెళ్ళిపోయాక సువర్చల ఫోను మోగింది. తెలియని నెంబరు.

"మేడమ్, నాను. ఒకావిడికి పెట్టినాను. అక్క పక్క మంచం మీద రక్తం కడిగించుకునేది, సేపలమ్ముకుంటాది. పెట్టి పదకొండు దినాలు. దాదులు బాగున్నాయి, నా రక్తమే." ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. "మొగ్గ ఒక పక్క పెరుగుతోంది, ఒక పక్క పెరగటం లేదు. గడ్డ కడతాదేమోనని భయంగా ఉంది. తీసీమంటారా, ఉంచమంటారా? మీరు సెప్పకూడదని నాకు తెలుసు. నాకు అడగడానికి ఇంకెవులూ లేరు."

సువర్చల ఖాళీ క్లాసు గది చూసింది. బోర్డు పైన గోడకు, అతిథి గృహంలో ఉన్నలాంటి పెట్టె ఒకటి ఉంది. ఆ ఏడాదే అన్ని గదుల్లోనూ పెట్టారు. దాని చిన్న దీపం వెలుగుతోంది.

ఆమె తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"తియ్యకు," అంది. "పెరగని పక్క నుంచి చెబుతాను. కాగితం ఉందా? రాసుకో."